ఎండ దెబ్బా? గ్రంథి దోషమా?

“పాలమూరు వాళ్ళకు ఎండ కొత్తదా?” గల్ఫ్ దేశాలకు ప్రయాణమయ్యే మన యువకులు నవ్వుతూ అనే మాట ఇది. గద్వాల నడిగడ్డలోనూ, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెలలోనూ వేసవి ఎండ 40 డిగ్రీలు దాటడం అరుదు కాదు. ఆ ఎండలోనే మట్టిపని చేసి, దూరప్రాంతాలలో కాలువలు తవ్విన కూలీలను కన్న గడ్డ ఇది. కనుక ఆ మాటలో కొంత నిజం ఉన్నది. ఆ కొంత నిజాన్నే నమ్ముకొని చిక్కులలో పడేవారు కూడా ఉన్నందున ఈ విషయాన్ని వివరింప తలచాము.

మానవ దేహపు ఉష్ణోగ్రత సుమారు 37 డిగ్రీలు. బయటి వేడి అంతకు మించినప్పుడు దేహాన్ని చల్లార్చే సహజ సాధనం చెమట ఒక్కటే. అయితే చెమట పట్టినంత మాత్రాన చలువ కలుగదు. అది ఆవిరి కావాలి. ఒక లీటరు చెమట ఆవిరైతే దాదాపు 580 కిలోకేలరీల వేడిని తనతో తీసుకొనిపోతుంది. మట్టికుండలో నీరు చల్లబడేదీ ఈ సూత్రం వల్లనే. మన వేసవి పొడిగాలిలో ఈ పని చక్కగా సాగుతుంది. దుబాయి, దోహా వంటి తీరనగరాలలో ఆగస్టు మాసపు గాలి సముద్రపు తేమతో నిండి ఉంటుంది. అక్కడ కుండా చల్లబడదు, మనిషీ చల్లబడడు. గద్వాలలో 42 డిగ్రీలను ఓర్చినవాడు అక్కడి 38 డిగ్రీలకు సొమ్మసిల్లితే ఆశ్చర్యపడ నక్కరలేదు.

దేహం కొత్త వేడికి అలవాటు పడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఈ అలవాటు మనోధైర్యం వల్ల వచ్చేది కాదు. ఇందులో వినాళ గ్రంథుల పాత్ర పెద్దది. మూత్రపిండాల పైనుండే అధివృక్క గ్రంథి ఆల్డోస్టిరాన్ అనే హార్మోనును స్రవించి, చెమటలో పోయే ఉప్పును తగ్గిస్తుంది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, ఉష్ణమండలానికి పోయే సైనికుల నిమిత్తం పరిశోధనలు జరిపిన అమెరికా వైద్యుడు జెరోమ్ కాన్ ఈ ఉప్పు తగ్గుదలను గమనించాడు. ఆ దారినే నడిచి, ఆ హార్మోను మితిమీరి ఊరే వ్యాధిని 1955లో వెల్లడించాడు. చెమటబొట్టు నుండి ఒక వ్యాధి ఆచూకీ దొరకడం మాకు ఎంతో ముచ్చటగా తోస్తుంది.

ఈ అలవాటు శాశ్వతం కాదు. సెలవుకు వచ్చి రెండు నెలలుండి పోయినవాడు మళ్ళీ కొత్తవాడే. మొదటి రోజు వేడిలో ఐదవ వంతు పని మాత్రమే చేసి, రోజుకు అంతే చొప్పున పెంచుకోవాలని నిపుణుల సూచన. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుండి 3 గంటల దాకా ఎండలో పని చేయించడం నిషిద్ధమన్న సంగతిని ప్రయాణానికి ముందే తెలుసుకోవాలి.

ఇంతవరకు వేడి సంగతి. మా ఎరుకలోని వనపర్తి ప్రాంతపు యువకుడొకడు అక్కడ రెండు వేసవులు నిశ్చింతగా పని చేసి, మూడవ ఏట చిక్కిపోసాగాడు. ఆకలి బాగా ఉండేది, కడుపునిండా తినేవాడు. అయినా బరువు తగ్గేది. గుండెదడ, చేతుల వణుకు, నిద్రలేమి. ఎండ పడలేదని తోటివారన్నారు. మజ్జిగ, సబ్జా గింజలు తాగమని తల్లి ఫోనులో చెప్పింది. డిసెంబరులో ఇంటికి వచ్చాడు. అందరూ దుప్పట్లు కప్పుకొన్న రాత్రి అతడు పంకా వేయమన్నాడు. ఇది ఎండ చేసిన పని కాదని మాకు అప్పుడే అనుమానం కలిగింది.

రక్తపరీక్షలో తేలినది థైరాయిడ్ దోషం. మెడ ముందుభాగాన సీతాకోకచిలుక ఆకారంలో ఉండే ఈ అవటు గ్రంథి స్రావమే దేహం ఎంత వేగంగా ఇంధనాన్ని మండించాలో నిర్ణయిస్తుంది. అది ఎక్కువైతే పొయ్యిలో కట్టెలు ఎగదోసినట్లే. లోపలి వేడికి బయటి వేడి తోడవుతుంది. డబ్లిన్ వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ 1835లో వర్ణించిన వ్యాధి ఈ కోవలోనిదే. స్రావం తగ్గితే ఇందుకు విరుద్ధంగా చలి ఓర్వలేకపోవడం, బరువు పెరగడం, మందకొడితనం కలుగుతాయి.

మరొక దోషం ఇంతకన్నా మోసకారి. 1855లో థామస్ ఆడిసన్ వివరించిన వ్యాధిలో అధివృక్క గ్రంథి క్షీణించి, దేహంలో ఉప్పు నిలువదు. నీరసం, ఉప్పు మీద కోరిక, చర్మం నల్లబడడం దాని గుర్తులు. ఎండలో పని చేసే మనిషి నల్లబడితే ఎవరు శంకిస్తారు? బట్టల చాటున ఉండే చర్మం, నోటిలోపలి పొర సైతం నల్లబడితే మాత్రం తప్పక శంకించాలి.

ఎండ వల్ల కలిగిన బడలిక నీడలో, నీటితో, విశ్రాంతితో తగ్గుముఖం పడుతుంది. చల్లని గదిలోనూ, చలికాలంలోనూ వీడని ఉక్కకు పరీక్ష అవసరం. అయితే ఎండలో ఒళ్ళు కాలిపోతూ మాట తడబడుతుంటే గ్రంథుల విచారణకు అది వేళ కాదు. వెంటనే నీళ్ళతో దేహాన్ని చల్లార్చి ఆసుపత్రికి చేర్చాలి.

ఆ యువకునికి వైద్యుడు కార్బిమజోల్ మాత్రలు వ్రాశాడు. అవి వాడుతుండగా జ్వరంతో గొంతునొప్పి వస్తే మాత్ర ఆపి, ఆనాడే రక్తకణాల పరీక్ష చేయించుకోవాలని హెచ్చరించాడు. తిరుగు ప్రయాణంలో ఆ చీటీని అతడు పాస్‌పోర్టుతో పాటు దాచుకొన్నాడు.