ట్రాక్టర్ ట్రైలర్ ధర: కొలత చూసి కాదు, తూకం చూసి

తుంగభద్ర కుడి గట్టున ఉన్న కెంచనగుడ్డ, దాని చుట్టుపక్కల సిరుగుప్ప తాలూకా గ్రామాలలో వరి ప్రధానమైన పంట. కోత ముగిసిన వెంటనే ధాన్యాన్ని నల్లరేగడి చేల నుండి, కాలువ గట్ల మీదుగా రైసు మిల్లులకు చేర్చే భారమంతా ట్రాక్టర్ ట్రైలర్‌దే. ట్రాక్టర్ కొనేటప్పుడు నలుగురిని విచారించే రైతులు, ట్రైలర్ విషయంలో మాత్రం పొడవు, వెడల్పు, రంగు చూసి బయానా ఇచ్చి వస్తున్నారు. నష్టం అక్కడే మొదలవుతున్నది.

ట్రాక్టర్ కంపెనీ కర్మాగారంలో తయారవుతుంది. ట్రైలర్ సాధారణంగా పట్టణంలోని వెల్డింగ్ షెడ్డులో తయారవుతుంది. బయటికి ఒకే కొలతతో కనిపించే రెండు ట్రైలర్లలో ఇనుము ఒకే పరిమాణంలో ఉండాలన్న నియమం లేదు. ధరలోని తేడాకు మూలం చాలావరకు ఇదే.

రేకు లెక్క

ఒక చదరపు మీటరు వైశాల్యం, ఒక మిల్లీమీటరు మందం గల ఉక్కు రేకు 7.85 కిలోల బరువు ఉంటుంది. 11 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు గల ట్రైలర్ అడుగు రేకు 3 మి.మీ. మందం అయితే దాదాపు 144 కిలోలు, 5 మి.మీ. అయితే 241 కిలోలు తూగుతుంది. అంటే అడుగు రేకులోనే సుమారు 97 కిలోల తేడా. రంగు వేసిన తరువాత ఈ తేడా కంటికి కనిపించదు. రేకు అంచు వద్ద వెర్నియర్‌తో కొలిస్తేనే తెలుస్తుంది.

గేజి మాటతో కూడా జాగ్రత్త అవసరం. గేజి అంకె పెరిగేకొద్దీ మందం తగ్గుతుంది. 10 గేజి రేకు మందం సుమారు 3.2 మి.మీ. కాగా, 12 గేజి రేకు మందం 2.6 మి.మీ. మాత్రమే. కావున ఒప్పందంలో మిల్లీమీటర్లనే వ్రాయించుకోవడం మేలు.

కిలో ధర

లెక్క అర్థం కావడానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక షెడ్డువారు 1,60,000 రూపాయలు, మరొకరు 1,45,000 రూపాయలు చెప్పారనుకుందాం. రెండవది చవకగా కనిపిస్తుంది. అయితే మొదటి ట్రైలర్ ఖాళీ బరువు 1,600 కిలోలు, రెండవ దాని బరువు 1,300 కిలోలు అయితే, మొదటిది కిలోకు 100 రూపాయలు, రెండవది 111 రూపాయలకు పైగా పడుతుంది. చవక అనుకున్నదే ఖరీదైనదన్నమాట. ట్రైలర్ సిద్ధమైన తరువాత, మిగిలిన సొమ్ము చెల్లించక మునుపే, వేబ్రిడ్జి మీద ఖాళీ బరువు తూయించి చీటీ తీసుకోవాలి.

తూకం చెప్పనివి

బరువు ఉన్నంత మాత్రాన నాణ్యత ఉన్నట్లు కాదు. 75 కిలోల బస్తాలు 60 వేస్తే నాలుగున్నర టన్నులు. ఆ బరువంతా ఇరుసు, బేరింగులు, కమాన్ కట్టలు, హుక్కు మీద పడుతుంది. ఇరుసు కొత్త కడ్డీతో చేసినదా, పాత లారీ నుండి తీసినదా అని అడగాలి. టైర్లు కొత్తవా, రీట్రెడ్ చేసినవా అన్నది బిల్లులో ఉండాలి. హుక్కు ఛాసిస్‌తో కలిసే చోట వెల్డింగ్ అతుకు తెగకుండా సాగాలి. అక్కడక్కడ చుక్కలుగా పెట్టిన అతుకు గతుకులలో పగులుతుంది. హైడ్రాలిక్ జాకీని ఖాళీగా కాక, బరువు వేసి ఎత్తించి చూడాలి.

చాలా ట్రైలర్లకు సొంత బ్రేకులు ఉండవు. కాలువ గట్టు దిగేటప్పుడు వెనుక బరువు ట్రాక్టర్‌ను ముందుకు నెడుతుంది. హుక్కు పిన్ను తెగినా, ఇరుసు విరిగినా పోయేది ధాన్యం మాత్రమే కాదు. నాట్లకు, కోతలకు కూలీలను ట్రైలర్‌లో ఎక్కించుకొనిపోవడం నిషిద్ధమైనా ఆగడం లేదు. అటువంటివారికి ట్రాక్టర్ బీమా సాధారణంగా వర్తించదు; పరిహారం యజమాని మీదనే పడవచ్చు.

బిల్లు, నమోదు

వ్యవసాయానికి వాడే, సరుకును తనంతట దింపుకొనే ట్రైలర్లపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుండి 12 శాతం నుండి 5 శాతానికి తగ్గింది. చెప్పిన ధరలో పన్ను కలిసి ఉన్నదో లేదో ముందే తేల్చుకోవాలి. బిల్లు లేకుండా తగ్గించి ఇస్తామన్న మాటకు లొంగితే నమోదు వద్ద చిక్కు తప్పదు. ఆదోని వైపు కొని ఇటు తెచ్చుకొనేవారు అక్కడ తాత్కాలిక నమోదు పత్రం తీసుకొని, తమ ప్రాంతపు రవాణా కార్యాలయంలో శాశ్వత నమోదు చేయించుకోవాలి.

2024 ఆగస్టులో తుంగభద్ర జలాశయం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు, ఆయకట్టు రైతుకు నీటి భరోసా ఎంత సన్ననిదో అందరికీ తెలిసివచ్చింది. రెండు పంటలు పండుతాయన్న ధీమాతో అప్పు చేసి కొన్న ట్రైలర్ మూడవ ఏటనే షెడ్డుకు చేరితే, ఆ అప్పు తీర్చే దారి ఉండదు. రేకు మందం, ఇరుసు కొలత, టైర్ల స్థితి, ఖాళీ బరువు: ఈ నాలుగూ కాగితం మీద వ్రాయించుకున్న తరువాతనే రైతు బయానా ఇవ్వాలి.