లాభనష్టములు - మన చూపు

కన్ను ఉన్నదానిని ఉన్నట్లు చూచుననియు, అందలి లాభనష్టములను మనస్సు తరువాత తీరికగా విచారించుననియు మనలో పెక్కుమంది తలంపు. శాస్త్రజ్ఞులును చిరకాలము ఇట్లే భావించిరి. ఇటీవలి దశాబ్దముల పరిశోధనలు ఈ భావమును సడలించినవి. ఒకప్పుడు లాభము చేకూర్చిన వస్తువును, ఏమియు ఇయ్యని వస్తువును మన మెదడు ఒకే విధముగా చూడదు. ఈ సంగతిని పై తరగతుల విద్యార్థులకు బోధపడునట్లు చెప్ప యత్నింతుము.

కంటిలోపలి తెరపై బడిన వెలుగు నాడీసంకేతములుగా మారి, తలవెనుక భాగముననున్న దృశ్యకేంద్రమునకు చేరును. పిల్లులపై ప్రయోగములు చేసి, అచటి కణములు గీతల వాలును బట్టి స్పందించునని హ్యూబెల్, వీజెల్ అను శాస్త్రజ్ఞులు 1959లో ప్రకటించిరి. 1981లో వారికి నోబెల్ బహుమానము లభించినది. గీతలను, అంచులను నమోదు చేయు గుమాస్తావలె ఈ కేంద్రమును అందరును ఎంచిరి.

2006లో షూలర్, బేర్ అను ఇరువురు అమెరికాలో ఎలుకలపై చేసిన ప్రయోగమును ప్రకటించిరి. ఎలుక కన్నులకు అద్దములవంటి సాధనమును తొడిగి, ఒకమారు కుడికంటికి, మరొకమారు ఎడమకంటికి మెరుపు చూపిరి. మెరుపు పిమ్మట ఎలుక గొట్టమును నాకుచుండగా నీటిచుక్క దొరకును. ఒక కంటి మెరుపునకు నీరు త్వరగా వచ్చును, రెండవదానికి ఆలస్యముగా వచ్చును. తొలుత దృశ్యకేంద్రపు కణములు మెరుపునకు మాత్రమే చలించినవి. అలవాటు పడిన పిమ్మట వానిలో పెక్కింటి చలనము, మెరుపు ఆరిపోయినను, నీరు దొరకవలసిన వేళను సూచింపసాగినది. గుమాస్తా యనుకొన్నవాడు జీతపు గడియను గూడ లెక్కించుచున్నాడన్నమాట! మధ్యాహ్నపు గంటకు ముందే తలుపువైపు తిరుగు తరగతిని ఎరిగిన ఉపాధ్యాయులకు ఇది వింతగా తోపకపోవచ్చును.

మనుష్యుల సంగతి ఇంతకన్న రమ్యమైనది. 2011లో ఆండర్సన్, లారెంట్, యాంటిస్ అనువారు ప్రకటించిన ప్రయోగములో, పాల్గొన్నవారు రంగురంగుల వలయములలో ఎరుపు లేక ఆకుపచ్చ వలయమును వెదకవలెను. ఒక రంగునకు తరచుగా 5 సెంట్లును, రెండవదానికి తరచుగా 1 సెంటును ఇచ్చిరి. తరువాత పందెము మార్చిరి: డబ్బు లేదు, రంగుతో పని లేదు, ఆకారములో వేరైన దానిని కనుగొనుటయే పని. అయినను పూర్వము డబ్బిచ్చిన రంగు ప్రక్కన కనబడినప్పుడెల్ల వారి జవాబు రవంత ఆలస్యమైనది. ఆరునెలలు దాటిన పిమ్మటను ఈ ఆకర్షణ నిలిచియుండెనని 2013లో వెల్లడించిరి.

చదువు నడుమ చేతిఫోనుపై ఎర్రచుక్క కనబడగానే అటు చూచు బాలుని మనము "బుద్ధి నిలుపవేమి" అని గద్దించుచున్నాము. పై ప్రయోగమువారు బుద్ధి నిలుపనివారు కారు. చూపు వారి ఆజ్ఞకు ముందే కదలినది. కావున బాలుని గద్దించుటకన్న ఆ ఫోనును మరియొక గదిలో నుంచుట మేలని మాకు తోచుచున్నది.

నష్టము సంగతి ఇంత సూటిగా లేదు. నిర్ణయములు చేయునపుడు లాభముకన్న అంతే నష్టము అధికముగా బాధించునని కానెమన్, ట్వెర్స్కీలు 1979లో సిద్ధాంతీకరించిరి. కాని రేమండ్, ఓబ్రయన్ అనువారు 2009లో ప్రకటించిన ప్రయోగమున, కొన్ని ముఖములకు లాభమును, కొన్నింటికి నష్టమును జోడించి, పిదప వానిని క్షణకాలము చూపి గుర్తింపుమనిరి. అవధానము పూర్తిగా ఉన్నప్పుడు, తరచుగా లాభమో నష్టమో తెచ్చిన ముఖములు రెండును బాగుగా గుర్తునకు వచ్చినవి. మరొక పనిలో అవధానము చిక్కుకొన్నప్పుడు మాత్రము లాభపు ముఖములే తప్పక గోచరించినవి.

దండనతో నేర్పిన పాఠము పరీక్షనాటి తొందరలో కనబడకపోవుటకు ఇదియే కారణమా యని మా ఉపాధ్యాయ మిత్రులు అడుగవచ్చును. ముఖముల ప్రయోగమును పాఠములకు అన్వయించుట తొందరపాటే యగును. బెత్తమును విడుచుటకు వేరు కారణములు చాలినన్ని కలవు.