వెయ్యెనిమిది కూరల్లో నల్లేరు వాటా

మైలాపూరు కపాలీశ్వరుడి గుడి పక్క దక్షిణ మాడవీధిలో కూరగాయల అంగళ్ల వెంట నడిస్తే, నాలుగు పలకల పచ్చటి తీగ కట్టలు కనిపిస్తాయి. తమిళులు పిరండై అంటారు. మన నల్లేరే. ‘నల్లేరు మీద బండి నడక’ అని తేలిగ్గా అనేస్తాం గానీ, ఆ నల్లేరు నాలుక మీద నడిస్తే తెలుస్తుంది. కంద, చేమల్లో ఉండే కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలే ఇందులోనూ ఉండి గొంతు గీరేస్తాయి. అందుకే లేత కణుపులు తుంచి, అంచుల నార తీసి, నువ్వులనూనెలో రంగు మారేదాకా వేయించి, చింతపండు వేసి రుబ్బుతారు. సరిగా వేగని పచ్చడి ఒకసారి తిన్నాను. ఆ పూటంతా నేను మాట్లాడలేదు.

తమిళుల తద్దినం వంటలో మాత్రం దీని హోదా వేరు. వసిష్ఠుడింట తద్దినం భోజనానికొస్తూ విశ్వామిత్రుడు 1008 కూరలు కావాలన్నాడట. అరుంధతి తొణకలేదు. కాకర వడ్డించి 100 అంది. నల్లేరుకు 300, పనసకు 600. మరో ఎనిమిది కూరలతో లెక్క సరి! పనసకు 600 న్యాయమే, చెట్టుకు కాసే పండ్లలో లోకంలోకెల్లా పెద్దది అదే, 40 కిలోలు దాటినవీ ఉన్నాయి. నల్లేరుకు 300 మాత్రం తినేవాడి ధైర్యానికే అయ్యుండాలి.

ఆ విస్తట్లో పడనివి ఇంకా చిత్రం. ఉల్లి, వెల్లుల్లి సరే. బంగాళాదుంప, టమాటా, క్యాబేజీ, కాలీఫ్లవరు కూడా ‘ఇంగ్లీషు కూరలు’ అని బయటే. నిజానికి మొదటి రెండూ పుట్టింది దక్షిణ అమెరికాలో. మిరపకాయదీ అమెరికా ఖండమే, 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడల్లో దిగింది. కాబట్టి తద్దినం నాడు కారం మిరియాలదే. మిరప అన్న పేరు కూడా మిరియం నుంచే వచ్చింది. టమాటా చారు లేనిదే ముద్ద దిగని ఇల్లు, ఏడాదికొక్కపూట ఆ ఓడలు రాకముందరి వంట వండుకుంటుంది. తెలుగిళ్లలోనూ దాదాపు ఇదే పద్ధతి.

నల్లేరు పెద్దలకు పరీక్షైతే, పిల్లలు ముఖం తిప్పేసేది దీపావళి లేహ్యం. మైలాపూరులోనే కచేరి రోడ్డులో నూరేళ్లు దాటిన డబ్బా చెట్టి కొట్టులో దాని సరుకంతా దొరుకుతుంది. శొంఠి, పిప్పళ్లు, వాము, బెల్లం, నెయ్యి కలిపి ఉడికించిన ఆ నల్లటి ముద్దను తలంటు కాగానే, మిఠాయి కన్నా ముందు మింగాలి.

నల్లేరు కొన్నారా? తుంచేముందు చేతులకు నూనె రాసుకోండి.