గాలపు కర్ర కొనబోయేముందు

వేసవి సెలవులు రాగానే మీలో కొందరికి చెరువుగట్టు గుర్తుకు వస్తుంది. వానపాములు తవ్వి డబ్బాలో వేసుకుని, వెదురుకర్ర భుజాన పెట్టుకుని బయలుదేరుతారు. తీరా అక్కడికి పోయేసరికి పక్కవాడి చేతిలో నల్లగా నిగనిగలాడే, దారం చుట్టే చక్రం బిగించిన కర్ర కనిపిస్తుంది. ఇక ఆ పూట మీకు అన్నం సయించదు. "నాన్నా, నాకూ అలాంటిది కొనిపెట్టు!" అంటారు. "ఎంతవుతుందిరా?" అంటాడు నాన్న. చిక్కంతా అక్కడే ఉంది. కొట్లో 300 రూపాయల కర్రా ఉంటుంది, 3,000 రూపాయల కర్రా ఉంటుంది. చూడబోతే రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి!

ధర సంగతి తరువాత చూద్దాం. ముందు అసలు ఆ కర్ర చేసే పని ఏమిటో తెలుసుకోవాలి. చేపను పైకి లాగటానికి కర్ర మనకు బలం ఇస్తుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. కావాలంటే ఇంట్లో పొడుగాటి బూజుకర్ర తీసుకుని, దాని కొసకు అరకిలో పంచదార పొట్లం కట్టి, రెండో కొస రెండు చేతులతో పట్టుకుని ఎత్తి చూడండి. అరకిలో కాస్తా బిందెడు నీళ్ళంత బరువనిపిస్తుంది. ఎందుచేత? మీ రెండు చేతుల మధ్య దూరం 30 సెంటీమీటర్లనీ, పై చేతి నుంచి కొసకు 3 మీటర్లనీ అనుకోండి. రెండో దూరం మొదటిదానికి పది రెట్లు. కనక కొస మీద అరకిలో బరువు పడితే, మీ కింది చేయి 5 కిలోల బలంతో అదమాలి. కర్ర సొంత బరువు ఇందులో లెక్కకట్టలేదు సుమా! అంటే తులాదండం ఇక్కడ చేప పక్షాన ఉన్నదన్నమాట, మన పక్షాన కాదు.

మరి కర్ర ఎందుకు? ఒకటి, గట్టున నిలబడి దూరంగా ఎర వేయటానికి. రెండోది దానికన్న ముఖ్యం, వంగటానికి. చేప ఒక్క గుంజు గుంజిందంటే, దారాన్ని చేత్తో పట్టుకున్నవాడికి అది పుటుక్కున తెగుతుంది. అదే కర్ర అయితే వంగి, ఆ గుంజును తనలోకి తీసుకుని, మళ్ళీ నిదానంగా లేస్తుంది. పైగా కర్ర వంగినకొద్దీ దాని కొస మీవైపుకు వస్తుంది. 3 మీటర్ల దూరం ఒకటిన్నర మీటరు అయిందంటే మీ చేతి మీద పడే బరువు కూడా సగమవుతుంది. అందుచేత కొట్టువాడు "ఇది అసలు వంగదండీ!" అని పొగిడితే, ఆ కర్రను అక్కడే వదిలి రండి.

వంగి లేవటంలో వెదురును మించినది చాలాకాలం వరకూ దొరకలేదు. వెదురుబద్దను అడ్డంగా కోసి చూడండి. పై పొట్టు దగ్గర పీచు దట్టంగానూ, లోపలికి పోయినకొద్దీ పలచగానూ ఉంటుంది. దాని బలమంతా పైపొరలోనే ఉన్నది. అందువల్ల అందం కోసం వెదురు పైచెక్కు గీకేవాడు తన కర్రను తానే పాడుచేసుకుంటున్నాడు. ఈ కిటుకు గ్రహించిన అమెరికా పనివాళ్ళు 19వ శతాబ్దంలో వెదురును సన్నని బద్దలుగా చీల్చి, పైపొర బయటికి వచ్చేలాగా ఆరు బద్దలను కలిపి అంటించి కర్రలు చేశారు. ఇంతకూ వాళ్ళు మొదట్లో వాడినది ఎక్కడి వెదురనుకున్నారు? మన దేశానిదే! కలకత్తా రేవు నుంచి ఓడల్లో వెళ్ళేది కనక దాన్ని "కలకత్తా కేన్" అనేవాళ్ళు. తరువాత చైనాలోని టోంకిన్ వెదురు దాని స్థానం ఆక్రమించింది. 1950లో అమెరికా చైనాతో వర్తకం నిలిపేసేసరికి ఆ వెదురు రావటం ఆగిపోయింది. అప్పటికే గాజుపీచు కర్రలు తయారవుతున్నాయి, అవి బజారంతా అల్లుకున్నాయి. 1970ల నుంచి బొగ్గుపీచు, అంటే కార్బన్ కర్రలు వచ్చాయి. ఇవి గాజుపీచు కర్రలకన్న తేలిక, చురుకు. కాని, చటుక్కున విరిగే గుణం కూడా వీటికే ఎక్కువ.

ఇప్పుడు కొట్లోకి పోదాం. కర్ర ముక్కలన్నీ బిగించమనండి. కొసను మీ అన్నయ్యనో అక్కయ్యనో పట్టుకోమని, మీరు మొదలు పట్టుకుని నెమ్మదిగా వంచండి. ఆ వంపు విదియనాటి చంద్రుడిలాగా నున్నగా సాగాలి. నడుమ ఎక్కడైనా మొండిగా, తిన్నగా ఉండిపోయిందంటే అక్కడ అతుకు బాగాలేదన్నమాట. తరువాత దారం దూరే ఉంగరాలు చూడండి. చిటికెడు దూది తీసుకుని ఒక్కొక్క ఉంగరం లోపల తిప్పండి. కంటికి కనిపించని బీట ఉన్నా దూదిపోగు దానికి చిక్కుకుంటుంది. ఆ బీటే రేపు మీ దారాన్ని కోస్తుంది. చవక కర్రల మీద ఉంగరాలు రెండో మూడో ఉంటాయి. వంగినప్పుడు బరువు కర్రంతా సమంగా పంచుకోవాలంటే అవి ఇంకా దగ్గరదగ్గరగా ఉండాలి.

చాలా కర్రల మొదట్లో చిన్న అంకెలు వేసి ఉంటాయి. 8-12 పౌన్లు అని ఉంటే, ఆ బరువుకు తెగే దారం దానికి తగినదని అర్థం. పౌను అంటే సుమారు 450 గ్రాములు. బలమైన దారం వేస్తే మంచిదేగా అనుకోకండి. ఏదో ఒకటి ఓడిపోవలసి వచ్చినప్పుడు తెగవలసింది దారం, విరగవలసింది కర్ర కాదు.

మరి ఎంత పెట్టాలి? నన్నడిగితే, కాలవలో పరిగెలూ జెల్లలూ పట్టేవాడికి కొన్న కర్రే అక్కరలేదు. ముదురు వెదురు ఒకటి చూసి (లేత వెదురు త్వరగా పురుగు పడుతుంది), నీడన నిదానంగా ఆరబెట్టి, వంకరలున్నచోట నిప్పుసెగ చూపి సరిచేస్తే చాలు. దారం కొసకు మాత్రమే కట్టక, కర్ర నడుమ నుంచే ముడివేసి, కొస దాకా చుట్టుకుంటూ తీసుకుపొండి. కొస విరిగినా చేప పోదు. పెద్ద చెరువులో దూరాన తిరిగే బొచ్చెల మీద మనసు పడితేనే చక్రమున్న కర్ర అవసరం. అప్పుడు మీ దగ్గర 1,000 రూపాయలున్నాయనుకోండి, కర్రకు 400 మించనివ్వకండి. మిగిలినది చక్రానికీ, మంచి దారానికీ, కొక్కేలకూ ఉంచండి. కొక్కెం మొనను బొటనవేలి గోరు మీద మెల్లిగా ఆనించి లాగితే, జారకుండా పట్టుకోవాలి. జారిపోయే కొక్కెంతో ఎంత ఖరీదైన కర్ర ఉండీ ఏం లాభం?

ఇదంతా నేను పుస్తకాలు చదివే చెబుతున్నాననుకోకండి. నా మొదటి జీతంలో సగం పోసి కార్బన్ కర్ర కొన్నాను. రెండో ఆదివారమే మంచి బొచ్చె పడింది. సంబరం పట్టలేక, చేప గట్టు దగ్గరికి రాగానే కర్రను నిట్టనిలువుగా ఆకాశంలోకి ఎత్తాను. ఠప్పున కొస విరిగి, బొచ్చెతోపాటు నీళ్ళలోకి పోయింది. మండిపడుతూ కొట్టువాడి మీదికి పోట్లాటకు బయలుదేరాను. పక్కన వెదురుకర్రతో కూర్చున్న తాత ఒకాయన పిలిచి, "కర్ర అంతా వంగాలి గాని, కొసొక్కటే వంగితే ఏం ఆగుతుంది బాబూ? దగ్గరికొచ్చిన చేపను వలబుట్టతో ఎత్తుకోవాలి," అన్నాడు. ఆయన మాట నిజమే. కర్రను అంత నిలువుగా ఎత్తితే భారమంతా సన్నని కొస మీదనే పడుతుంది. వలబుట్ట ధర నా కర్ర ధరలో పదో వంతు కూడా లేదు! కొట్టుకు పోకుండా ఇంటికి తిరిగి వచ్చాను.

పెద్దవాళ్ళు కూడా వినవలసిన సంగతి ఇంకొకటి ఉంది. కార్బన్‌లో విద్యుత్తు ప్రవహిస్తుంది. పొలాల మీదుగా, చెరువుగట్ల మీదుగా కరెంటు తీగలు పోయేచోట ఆ కర్ర ఎత్తటం ప్రాణాపాయం. తడిసిన వెదురూ తక్కువది కాదు. హెచ్చు శక్తి గల తీగల విషయంలో కర్ర తగలనక్కరలేదు, బాగా దగ్గరికి పోయినా చాలు. కనక కర్ర బిగించేముందు తల ఎత్తి చూడండి. తీగ కనిపిస్తే దూరంగా వేరే చోటు వెతుక్కోండి, ఉరుము వినిపిస్తే కర్ర విప్పి ఇంటికి వచ్చేయండి. లోతు తెలియని నీటి దగ్గరికి పెద్దవాళ్ళు ఎవరూ తోడు లేకుండా పోకండి.

విరిగిన నా కర్రకు మిగిలిన మొదటికి కొత్త ఉంగరం ఒకటి అతికించాను. ఒక మూర పొట్టిదయింది. ఇప్పుడు దానితో మా అబ్బాయి పరిగెలు పడుతున్నాడు.