గుచ్చి పుట్టగొడుగు: గుర్తింపు, సేకరణ, సురక్షిత వినియోగం

పశ్చిమ హిమాలయ సానువుల్లో మంచు కరిగి నేల వేడెక్కే వసంతకాలంలో సహజంగా మొలిచే విలువైన పుట్టగొడుగు గుచ్చి. ఆంగ్ల వ్యవహారంలో దీనిని మోరెల్ అంటారు. శాస్త్రీయంగా ఇది మార్చెల్లా ప్రజాతికి చెందినది. జమ్మూ కాశ్మీర్, హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్ కొండ గ్రామాల ప్రజలు మార్చి నుండి మే వరకు, ఎత్తైన ప్రాంతాల్లో జూన్ వరకు, అడవుల్లో తిరిగి దీనిని ఏరి, ఎండబెట్టి విక్రయిస్తారు. ఎండు గుచ్చికి విపణిలో కిలోకు 10,000 రూపాయలకు పైబడిన ధర పలుకుతుంది.

తెలుగు రాష్ట్రాల మైదాన ప్రాంతాల్లో గుచ్చి సహజంగా పెరగదు. అయినా ఇక్కడి విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు దీనిపై అవగాహన అవసరమే. ఎండు గుచ్చి నగరాల దుకాణాలకు, హోటళ్లకు చేరుతున్నది. అమెరికా వంటి దేశాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది ఇంటి పెరటిలోనే కనిపించే అవకాశం ఉన్నది. దీని సాగుపై ఔత్సాహికుల ఆసక్తి కూడా పెరుగుతున్నది. ఈ సందర్భాలన్నింటిలో గుర్తుంచుకోవలసిన ముఖ్యాంశం ఒక్కటే. గుచ్చిని సరిగా గుర్తించడం భద్రతలో సగం మాత్రమే. మిగిలిన సగం దానిని పూర్తిగా ఉడికించడం. నిజమైన గుచ్చి సైతం పచ్చిగా తింటే విషప్రభావం చూపుతుంది.

జీవన లక్షణాలు

సాగులో ఉన్న తెల్లగుండీ, ముత్యపు చిప్ప, వరిగడ్డి పుట్టగొడుగులన్నీ బెసిడియోమైకోటా విభాగానికి చెందినవి. గుచ్చి ఆస్కోమైకోటా విభాగానికి చెందినది. గుండీ పుట్టగొడుగు టోపీ అడుగున కనిపించే రేకులు దీనికి ఉండవు. టోపీ పైభాగంలోని గుంటల లోపలి పొరలో సన్నని తిత్తులు ఉంటాయి. ఒక్కొక్క తిత్తిలో సాధారణంగా 8 సిద్ధబీజాలు ఏర్పడి, పక్వానికి వచ్చిన తరువాత గాలిలోకి వెదజల్లబడతాయి.

నేలలోని శిలీంధ్రజాలం ప్రతికూల పరిస్థితులను తట్టుకోవడానికి ఆహారాన్ని నిల్వ చేసుకొని గట్టి ముద్దలుగా మారుతుంది. వీటిని స్క్లిరోషియా అంటారు. శీతాకాలం గడిచి నేల ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీల సెల్సియస్‌కు చేరి, తగిన తేమ లభించినప్పుడు ఫలనాంగాలు వెలువడతాయి. ఉరుములు, మెరుపుల వల్ల గుచ్చి మొలుస్తుందని హిమాలయ గ్రామీణుల విశ్వాసం. తొలకరి ఉరుములకు పుట్టగొడుగులు లేస్తాయని తెలుగు పల్లెల్లోనూ అనుకుంటారు. రెండు చోట్లా ఉరుములతో పాటు వచ్చే వాననీరు, నేల ఉష్ణోగ్రతలోని మార్పు ఫలనాంగాల ఆవిర్భావానికి తోడ్పడతాయి.

లభించే ప్రదేశాలు

హిమాలయాల్లో దేవదారు, పైన్, ఫర్, ఓక్ వృక్షాలున్న అడవులలోను, వాటి అంచున గల పచ్చిక భూములలోను, పాత ఆపిల్ తోటలలోను గుచ్చి కనిపిస్తుంది. ఉత్తర అమెరికాలో ఎండిపోతున్న ఎల్మ్ చెట్ల మొదళ్ల వద్ద, ఆపిల్, యాష్ చెట్ల కింద లభిస్తుంది. అక్కడి పశ్చిమ ప్రాంతపు శంఖాకార వృక్షాల అడవులు దగ్ధమైన మరుసటి వసంతంలో నల్ల గుచ్చి విస్తారంగా మొలవడం ప్రసిద్ధం. పెరటి తోటల్లో కలుపు నివారణకు పరచిన చెక్క పేళ్లు, బెరడు ముక్కల మధ్య కూడా కొన్ని జాతులు పెరుగుతాయి. ఇంటి ఆవరణలో గుచ్చి అకస్మాత్తుగా ప్రత్యక్షమవడానికి ఇది సాధారణ కారణం.

అయితే పెరటిలో మొలిచినంత మాత్రాన అది సురక్షితమని భావించరాదు. పుట్టగొడుగులు నేలలోని భారలోహాలను గ్రహించగలవు. పూర్వం ఆపిల్ తోటల్లో కీటక నివారణకు లెడ్ ఆర్సనేట్‌ను విరివిగా చల్లేవారు. అటువంటి పాత తోటల నేలల్లో సీసం, ఆర్సెనిక్ దశాబ్దాల తరబడి నిలిచి ఉంటాయి. పాత ఆపిల్ తోటల స్థానంలో నిర్మించిన నివాసాల వద్ద, రహదారుల పక్కన, పురుగుమందులు లేదా కలుపు మందులు చల్లిన పచ్చిక బయళ్లలో మొలిచిన గుచ్చిని ఆహారంగా వాడరాదు.

గుర్తించే విధానం

గుచ్చిని గుర్తించడానికి మూడు లక్షణాలను కలిపి పరిశీలించాలి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా దానిని తినకూడదు.

మొదటిది, టోపీ ఉపరితలం. తేనెపట్టును పోలిన లోతైన గుంటలు, వాటి మధ్య స్పష్టమైన గట్లు ఉండాలి. రంగు లేత పసుపు, గోధుమ, బూడిద, నలుపు ఛాయల్లో ఏదైనా కావచ్చు. కనుక రంగు ఆధారంగా నిర్ధారణకు రాకూడదు.

రెండవది, టోపీకి, కాడకు గల అతుకు. సాధారణ గుచ్చి జాతుల్లో టోపీ అడుగు అంచు కాడతో కలిసిపోయి ఉంటుంది. గొడుగులా విడిగా వేలాడదు. సగం వరకు మాత్రమే అతుక్కొని ఉండే గుచ్చి జాతులు కూడా ఉన్నప్పటికీ, అనుభవం లేనివారు వాటిని విడిచిపెట్టడమే మంచిది.

మూడవది, లోపలి భాగం. పుట్టగొడుగును కొన నుండి కాడ అడుగు వరకు నిలువుగా రెండుగా కోయాలి. నిజమైన గుచ్చిలో టోపీ, కాడ కలిసి ఒకే బోలుగా కనిపిస్తాయి. లోపల దూది వంటి పదార్థం గాని, అడ్డుగోడలు గాని, గదులు గాని ఉండవు. సేకరించిన వాటిలో కొన్నింటిని కాక, ప్రతి ఒక్కదానిని ఈ విధంగా కోసి చూడాలి.

పోలిక గల ప్రమాదకర పుట్టగొడుగులు

గైరోమిట్రా: దీనిని కపట గుచ్చి అనవచ్చు. టోపీపై గుంటలకు బదులు మెదడును పోలిన మడతలు ఉంటాయి. రంగు ఎక్కువగా ఎరుపు కలిసిన గోధుమ. కోసినప్పుడు లోపల అనేక గదులు లేదా మడతలు కనిపిస్తాయి. ఈ ప్రజాతిలోని కొన్ని జాతుల్లో ఉండే గైరోమిట్రిన్ శరీరంలో మోనోమిథైల్ హైడ్రజిన్‌గా మారుతుంది. ఇది విటమిన్ బి6 పనితీరును అడ్డుకొని మూర్ఛలకు, కాలేయ నష్టానికి, కొన్నిసార్లు మరణానికి దారితీస్తుంది. ఉడికిస్తే విషం కొంత తగ్గినా పూర్తిగా పోతుందన్న హామీ లేదు. ఉడికేటప్పుడు వెలువడే ఆవిరి సైతం హానికరమే.

వెర్పా: వసంతారంభంలో గుచ్చి కంటే కొంత ముందుగా మొలుస్తుంది. టోపీ కాడ కొన వద్ద మాత్రమే అతుక్కొని, కుట్టుపని వారు వేలికి తొడుక్కునే తొడుగులా వేలాడుతుంది. వెర్పా బొహెమికా కాడ లోపల దూది వంటి పదార్థం ఉంటుంది. దీనిని తిన్న కొందరిలో వాంతులు, కండరాల సమన్వయ లోపం కలుగుతాయి.

ఫాలస్: తెలుగు ప్రాంతాల పాఠకులు ప్రత్యేకంగా గమనించవలసినది ఇది. వర్షాకాలంలో మన తోటల్లో, కుళ్లిన చెక్కపొట్టు, ఆకుచెత్త ఉన్న చోట్ల ఈ ప్రజాతి జాతులు మొలుస్తాయి. కొన్నింటి టోపీపై వల వంటి గుంటలు ఉండడం వల్ల ఛాయాచిత్రాల్లో గుచ్చిలా కనిపిస్తాయి. కాని వీటి టోపీపై జిగురు పదార్థం, ఈగలను ఆకర్షించే దుర్వాసన, కాడ అడుగున గుడ్డు పెంకు వంటి సంచి ఉంటాయి. మైదాన ప్రాంతంలో, వానకాలంలో గుచ్చి దొరికిందని ఎవరైనా చెబితే మొదట ఫాలస్‌ను అనుమానించాలి.

వెండి నాణెం నల్లబడకపోతే మంచిదని, పురుగులు తిన్నది మనుషులకూ సురక్షితమని ప్రచారంలో ఉన్న పరీక్షలకు శాస్త్రీయ ఆధారం లేదు. చెదపుట్టలపై మొలిచే టెర్మిటోమైసిస్ పుట్టగొడుగులను తరతరాలుగా గుర్తించి వండుకునే నైపుణ్యం మన గ్రామీణులకు ఉన్నది. ఆ అనుభవం ఆ పుట్టగొడుగులకే వర్తిస్తుంది. దానిని వేరొక నేలకు, వేరొక జాతికి అన్వయించడం ప్రమాదకరం.

సేకరణ

గట్టిగా, పొడిగా, తాజా వాసనతో ఉన్న ఫలనాంగాలను మాత్రమే తీసుకోవాలి. మెత్తబడినవి, బూజు పట్టినవి, రంగు మారినవి విడిచిపెట్టాలి. కాడను నేలమట్టానికి కాస్త పైన కత్తితో కోస్తే గుంటల్లోకి మట్టి చేరదు. సేకరణకు ప్లాస్టిక్ సంచుల కంటే గాలి ఆడే బుట్టలు మేలు. సంచుల్లో వేడి, తేమ పెరిగి పుట్టగొడుగులు త్వరగా చెడిపోతాయి. గుర్తింపు సందేహాస్పదమైన వాటిని వేరే సంచిలో ఉంచాలి గాని మంచి వాటితో కలపరాదు.

స్విట్జర్లాండులో అటవీ పుట్టగొడుగులపై దాదాపు మూడు దశాబ్దాల పాటు జరిగిన పరిశీలనలో, ఏరివేత వల్ల తరువాతి సంవత్సరాల దిగుబడి తగ్గలేదని, నేలను తొక్కడం వల్ల మాత్రం ఫలనాంగాల సంఖ్య తగ్గిందని తేలింది. కావున ఆకుచెత్తను తిరగవేయకుండా, నేలను వీలైనంత తక్కువగా తొక్కుతూ సేకరించాలి. అటవీ భూముల్లో సేకరణకు స్థానిక నిబంధనలను పాటించాలి.

ఎండబెట్టడం, నిల్వ

తాజా గుచ్చి బరువులో సుమారు 90 శాతం నీరే. సుమారు 10 కిలోల తాజా గుచ్చి నుండి 1 కిలో ఎండు సరుకు మాత్రమే లభిస్తుంది. తాజా వాటిని కాగితపు సంచిలో ఉంచి రిఫ్రిజిరేటర్‌లో కొద్ది రోజులు మాత్రమే నిల్వ చేయవచ్చు.

హిమాలయ గ్రామాల్లో గుచ్చిని దారానికి దండలుగా గుచ్చి పొయ్యి పైన వేలాడదీసి ఎండబెట్టడం సంప్రదాయం. దీనివల్ల పొగ వాసన, మసి చేరి నాణ్యత తగ్గవచ్చు. నిలువుగా కోసిన ముక్కలను గాలి ధారాళంగా ఆడే డ్రయ్యర్‌లో 40 నుండి 55 డిగ్రీల సెల్సియస్ వద్ద, వంచితే పుటుక్కున విరిగే వరకు ఎండబెట్టడం మెరుగైన పద్ధతి. ఆ తరువాత గాలి చొరని సీసాల్లో, వెలుతురు సోకని చోట భద్రపరచాలి. కోసి ఎండబెట్టిన సరుకులో లోపలి బోలు కనిపిస్తుంది గనుక కొనుగోలుదారులకు గుర్తింపు కూడా సులభమవుతుంది.

వంటకు సిద్ధపరచడం

తాజా గుచ్చిని రెండుగా కోసి, గుంటల్లోని మట్టి, పురుగులు పోయే విధంగా నీటితో కడగాలి. ఎండు గుచ్చిని గోరువెచ్చని నీటిలో 20 నుండి 30 నిమిషాలు నానబెట్టి, ఆ నీటిని పారబోయడం శ్రేయస్కరం. నానబెట్టడం, ఎండబెట్టడం, ఊరబెట్టడం ఉడికించడానికి ప్రత్యామ్నాయాలు కావు.

2023 మార్చి, ఏప్రిల్ నెలల్లో అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో ఒక హోటల్‌లో భోజనం చేసిన 51 మంది అస్వస్థులయ్యారు. వారిలో ఇద్దరు మరణించారు. దర్యాప్తులో అనారోగ్యానికి గుచ్చితో బలమైన సంబంధం కనిపించింది. డీఎన్ఏ పరీక్షలో అవి సాగు చేసిన నిజమైన గుచ్చి జాతిగానే తేలాయి. అంటే గుర్తింపులో పొరపాటు లేదు. లోపం తయారీలోనే ఉన్నది. కొన్ని రోజులు వాటిపై వేడి ద్రావణం పోసి ఊరబెట్టగా, అత్యధికులు అస్వస్థులైన రోజున పూర్తిగా పచ్చివిగానే వడ్డించారు. గుచ్చిలోని ఆ విషపదార్థం స్వభావం ఇంకా స్పష్టంగా నిర్ధారణ కాలేదు.

అడవి పుట్టగొడుగులను మరిగే నీటిలో 15 నిమిషాలు లేదా బాణలిలో 20 నుండి 30 నిమిషాలు ఉడికించాలని ఫ్రాన్సు ఆహార భద్రతా సంస్థ సూచిస్తున్నది. గుచ్చికీ ఇదే నియమం పాటించాలి. ముందుగా మరిగించి నీరు వంపివేసిన తరువాతే పులావులో గాని, కూరలో గాని చేర్చాలి. వంటగదిలో గాలి ఆడేటట్లు చూడాలి. తొలిసారి తినేవారు కొద్ది పరిమాణంతో ప్రారంభించాలి. బాగా ఉడికించినా ఎక్కువ మోతాదులో తిన్నవారిలో వణుకు, తలతిరుగుడు, నడకలో తూలుడు వంటి లక్షణాలు నమోదయ్యాయి. చిన్నపిల్లలకు పెట్టరాదు. మద్యంతో కలిపి తీసుకోరాదు.

విషప్రభావం కనిపించినప్పుడు

తిన్న కొద్ది గంటల్లో వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి మొదలైతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేర్చాలి. గైరోమిట్రా విషలక్షణాలు సాధారణంగా 6 నుండి 12 గంటల తరువాత మొదలవుతాయి. కొంత మెరుగైనట్లు కనిపించినా కాలేయంపై ప్రభావం తరువాత బయటపడవచ్చు. ఇంటి చిట్కాలతో కాలయాపన చేయరాదు. మిగిలిన వంటకాన్ని, పచ్చి నమూనాను వైద్యునికి చూపితే చికిత్సకు తోడ్పడుతుంది. ఇందుకోసం తొలిసారి వండేటప్పుడు ఒకటి రెండు పచ్చి పుట్టగొడుగులను కాగితంలో చుట్టి రిఫ్రిజిరేటర్‌లో విడిగా ఉంచడం మంచి అలవాటు.

సాగు ప్రయత్నాలు

గుచ్చిని నియంత్రిత పరిస్థితుల్లో పండించే విధానాన్ని అమెరికాకు చెందిన రోనాల్డ్ ఓవర్ 1982లో ప్రచురించారు. చైనాలో నీడ వలల కింద, నేలపై పోషక సంచులు పరచి చేసే సాగు గత దశాబ్దంలో విస్తరించింది. మన దేశంలో సోలన్‌లోని పుట్టగొడుగుల పరిశోధన సంచాలకాలయం కూడా గుచ్చి సాగులో సఫలత సాధించింది. చల్లని నేల దీనికి తప్పనిసరి. కనుక ఉష్ణమండల మైదానాల్లో శీతల గదులు లేకుండా దీనిని పండించవచ్చని చెప్పి స్పాన్ విక్రయించేవారి పట్ల రైతులు అప్రమత్తంగా ఉండాలి.

విస్తరణ కార్యకర్తలకు సూచనలు

సెల్‌ఫోన్‌లో వచ్చిన ఒక్క ఛాయాచిత్రం ఆధారంగా ఏ పుట్టగొడుగునైనా తినదగినదని చెప్పరాదు. మొలిచిన స్థలం, కాలం, నిలువుగా కోసిన భాగం, కాడ అడుగు స్పష్టంగా కనిపించే చిత్రాలను కోరాలి. సందేహం ఉంటే నమూనాను విశ్వవిద్యాలయ వృక్ష వ్యాధి విభాగానికి పంపించాలి. నిర్ధారణ పూర్తయిన తరువాత సైతం "ఇది గుచ్చియే" అన్న సమాధానంతో ఆగరాదు. దానిని ఎంతసేపు, ఏ విధంగా ఉడికించాలో కూడా అదే సమాధానంలో తెలియజేసినప్పుడే ఆ సలహా సంపూర్ణమవుతుంది.