పట్నం రైలుకు పైకం ఎవరిది?



కోలారు గనుల నుంచి, బంగారుపేట నుంచి, మాలూరు నుంచి తెల్లవారకముందే బెంగుళూరు రైలెక్కేవారు మీలో చాలామంది ఉంటారు. మీరు కాకపోతే మీ ఇంట్లో అబ్బాయో, అమ్మాయో ఉంటారు. 2001లో బంగారు గనులు మూతపడ్డాక అక్కడి ఎన్నో కుటుంబాలకు బెంగుళూరే కూడు పెట్టే ఊరయింది. హోసూరు, గౌరిబిదనూరు, చిక్కబళ్ళాపురం వైపు నుంచి కూడా ఇదే వరస. ఆ నగరానికి కొత్త రైలుమార్గాలు, కొత్త రహదారులు వస్తాయంటే మనం చెవి ఒగ్గి వింటాం. అయితే ఆ వార్తల్లో వినిపించే కోట్ల రూపాయలు ఎవరివి? ఎలా వస్తాయి? ఎందుకింత ఆలస్యం? ఈ సంగతులు ఇవాళ చెప్పుకుందాం.

ముందు రైలు సంగతి. బెంగుళూరుకు సబర్బన్ రైళ్ళు కావాలన్న ఆలోచన 1983 నాటిది. ఇప్పుడున్న పట్టాల మీదనే మరిన్ని రైళ్ళు నడపరాదా అని మీరు అడగవచ్చు. ఆ పట్టాల మీద దూరప్రాంతాల ఎక్స్‌ప్రెస్సులు, గూడ్సు బండ్లు కూడా నడవాలి. వాటికి దారి ఇవ్వడానికి మన పాసింజరు బండి పక్కన ఆగిపోతుంది. పది నిమిషాలకొక రైలు రావాలంటే దానికి సొంత పట్టాలుండాలి. సొంత పట్టాలంటే స్థలం, వంతెనలు, స్టేషన్లు. అంటే డబ్బు.

2018 కేంద్ర బడ్జెటులో అరుణ్ జైట్లీ గారు సుమారు 160 కిలోమీటర్ల సబర్బన్ మార్గాలు, 17,000 కోట్ల వ్యయం అని ప్రకటించారు. 2020 బడ్జెటులో నిర్మలా సీతారామన్ గారు 148 కిలోమీటర్లు, 18,600 కోట్లు అన్నారు. అదే ఏడాది అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించినప్పుడు ఆ అంచనా 15,767 కోట్లకు వచ్చింది. చూశారా, బడ్జెటులో వినిపించిన అంకె వేరు, ఆమోదం పొందిన అంకె వేరు.

ఈ ఖర్చును నూరు రూపాయలనుకుందాం. అందులో 20 రూపాయలు కేంద్రం, 20 రూపాయలు కర్ణాటక ప్రభుత్వం పెట్టాలి. మిగతా 60 రూపాయలు అప్పు. ఈ నిష్పత్తిలో అప్పు సుమారు 9,460 కోట్లవుతుంది. జర్మనీకి చెందిన కె.ఎఫ్.డబ్ల్యు. బ్యాంకు, యూరోపియన్ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు ఈ అప్పుకు ముందుకు వచ్చాయి. పని చేయించేది కె-రైడ్ అనే సంస్థ. ఇందులో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, రైల్వే శాఖకు 49 శాతం వాటా.

ఇద్దరు కలిసి బావి తవ్వించుకున్నట్టే ఇది. ఒకరు తమ వంతు సొమ్ము తేకపోతే గునపం ఆగుతుంది. మన హైదరాబాదులో ఎం.ఎం.టి.ఎస్. రెండో దశ ఇందుకు సాక్ష్యం. అక్కడ మూడింట రెండు వంతులు రాష్ట్రం, ఒక వంతు రైల్వే భరించాలన్నది ఒప్పందం. రాష్ట్ర వాటా సకాలంలో అందక పని ఏళ్ళ తరబడి సాగింది. 2023, 2024 సంవత్సరాల్లో గాని కొన్ని మార్గాలు తెరుచుకోలేదు.

బెంగుళూరు పథకానికి 2022 జూన్‌లో ప్రధానమంత్రి శంకుస్థాపన చేస్తూ 40 నెలల గడువు చెప్పారు. ఆ గడువు 2025 అక్టోబరుతో తీరింది. అప్పటికి నాలుగు మార్గాల్లో ఒక్కదానిలోనూ రైలు కదలలేదు. డబ్బు మంజూరైనా స్థలం అప్పగింత, కాంట్రాక్టులు, అనుమతులు ఒకదాని వెనుక ఒకటి నిలబడి ఉంటాయి.

మరొక్క మాట. ఆమోదం పొందిన మార్గాలు తూర్పున వైట్‌ఫీల్డు దగ్గర, హోసూరు దారిలో హీలలిగె దగ్గర, ఉత్తరాన దేవనహళ్ళి, రాజానుకుంట దగ్గర ఆగుతాయి. బంగారుపేట, హోసూరు, గౌరిబిదనూరు, కోలారులకు పొడిగించాలన్న ప్రతిపాదన విడిగా వచ్చింది. 2020 నాటి మంజూరులో అది లేదు. రైలు వస్తుందన్న మాట నమ్మి ఊరి పక్క స్థలానికి ఎక్కువ ధర పెట్టేవారు ఈ తేడా గమనించాలి.

ఇక రహదారులు. బెంగుళూరు చుట్టూ సుమారు 280 కిలోమీటర్ల శాటిలైట్ టౌన్ రింగు రోడ్డును జాతీయ రహదారుల సంస్థ చేపట్టింది. దొడ్డబళ్ళాపురం, దేవనహళ్ళి, హొసకోట మీదుగా వచ్చి తమిళనాడులో హోసూరు ప్రాంతాన్ని కూడా తాకుతుంది. నగరంలోకి రానక్కరలేని లారీలు బయటినుంచే వెళ్ళిపోవాలన్నది దీని ఉద్దేశం. చెన్నై ఎక్స్‌ప్రెస్ రహదారి మాలూరు, బంగారుపేట దాటి చిత్తూరు జిల్లాలో పలమనేరు మీదుగా పోతుంది. రైలుకు స్థలం కొంతవరకు రైల్వేకే ఉంటుంది. రహదారికి మాత్రం రైతు పొలమే కావాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. నగరానికి దగ్గరగా వేయదలచిన 73 కిలోమీటర్ల పెరిఫెరల్ రింగు రోడ్డుకు 2005, 2007 సంవత్సరాల్లో భూసేకరణ ప్రకటనలు వెలువడ్డాయి. డబ్బు సమకూడలేదు. ఆ భూముల యజమానులు ఏళ్ళ తరబడి అమ్ముకోలేక, కట్టుకోలేక, పరిహారం అందక మధ్యన చిక్కుకున్నారు. డబ్బు లేని ప్రకటన పొలం మీద అప్పులాంటిది.

జాతీయ రహదారికి మీ సర్వే నంబరు ప్రకటనలో వస్తే, గెజెట్‌లో పడిన నాటినుంచి 21 రోజుల్లో అభ్యంతరం రాతపూర్వకంగా తెలపాలి. ఆ ప్రకటన సారాంశం రెండు స్థానిక పత్రికల్లో వస్తుంది. అందులో ఒకటి ప్రాంతీయ భాషా పత్రిక. మన ప్రాంతాల్లో అది కన్నడమో, తమిళమో అవుతుంది. ఇంట్లో ఆ లిపి చదివే పిల్లలుంటే వారిచేత చదివించుకోండి. 2015 జనవరి 1 నుంచి ఈ భూములకు కూడా పరిహారం 2013 నాటి భూసేకరణ చట్టం పద్ధతిలోనే లెక్కకట్టాలి.

కాబట్టి శ్రోతలారా, ఈసారి ఇలాంటి వార్త విన్నప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఇది ప్రతిపాదనా, మంజూరా? ఎవరి వాటా ఎంత? ఆ వాటా ఈ ఏడు బడ్జెటులో కేటాయించారా? స్థలం చేతికి వచ్చిందా? నాలుగింటికీ జవాబు దొరికినప్పుడే రైలు కూత కోసం ఎదురుచూడవచ్చు. అంతవరకు పొలం కాగితాలు భద్రంగా ఉంచుకోండి.