పుచ్చుపురుగుల దాంపత్యము

పెసలు, అలసందలు నిలువచేసిన కుండ మూఁత తీయఁగానే గుండ్రని రంధ్రములు గల గింజలును, వానిపైఁ బ్రాఁకు చిన్న పెంకుపురుగులును గాన్పించుట గృహస్థు లందఱు నెఱిఁగినదే. ఇవి యింత శీఘ్రముగా నెట్లు వృద్ధిపొందుచున్నవో తెలిసినచో నరికట్టు మార్గమును దెలియును. ఇది సృష్టిక్రమ విచారము గావున పెద్దల యెదుట ముచ్చటించుటకు సంకోచ మక్కఱలేదు.

కప్పలు గ్రుడ్లను, శుక్రమును నీటిలో విడుచును. అవి యచ్చటనే కలియును. పొడిగింజల నడుమ బ్రదుకు పురుగునకు నీ రేది? కావున మగపురుగు శుక్రమును ఆఁడుపురుగు కడుపులోనికే చేర్పవలెను. అందులకై దాని పొట్టచివర గొట్టమువంటి యవయవము ముడుచుకొని యుండును. సంయోగకాలమున నది వెలికివచ్చి ఆఁడుదాని గర్భమార్గమునఁ బ్రవేశించును.

అలసందపురుగునం దా యవయవపుఁ గొనను ముండ్లు గలవు. అవి లోపలి పొరను గాయపఱచును. కొంతసేపటికి ఆఁడుపురుగు వెనుకకాళ్లతో మగదానిని దన్నసాగును. తన్నకుండఁ జేసినచో సంయోగము దీర్ఘమై గాయములు హెచ్చునని ఇంగ్లండునందలి షెఫీల్డు విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2000 సంవత్సరమునఁ బ్రకటించిరి. కాఁబట్టి యా తన్ను ఆత్మరక్షణము.

మగపురుగు శుక్రకణములతోడఁ గొంత రసమునుగూడ నిచ్చును. దాని తూకము మగదాని శరీరపుఁ దూకములో నూటికి 5 వంతులకు మించియుండవచ్చును. అన్నపానములు లేని గాదెలో ఆఁడుపురుగునకు ఆ రసమందలి నీరును నుపకరించును.

ఈ రసము మొదట నొక సంచిలోఁ బడును. అందుండి శుక్రకణములు మఱియొక చిన్న కోశమునఁ జేరి నిలువయుండును. గ్రుడ్డు వెలువడునప్పుడు ఆ కోశమునుండి శుక్రము వచ్చి దానిఁ గలియును. ఇందుచేత నొక్క సంయోగముతోనే ఆఁడుపురుగు దినములతరబడి గ్రుడ్లు పెట్టఁగలదు; అవి 80, 100 వఱకు నుండవచ్చును. తగిన వేఁడిమిలో సుమారు నెలకే క్రొత్తతరము వెలువడును. గర్భము ధరించిన పురు గొక్కటి చొచ్చినఁ జాలును, గాదె పాడగుటకు.

ఈ పురుగు చేనిలోని కాయలపైఁగూడ గ్రుడ్లు పెట్టును. కావునఁ బైకి శుభ్రముగ నున్న గింజలనైనను బాగుగ నెండఁబెట్టవలెను. పాత గింజల శేషముతోఁ గలుపరాదు. గ్రుడ్లు గింజపైనే యంటియుండును. నూనె పట్టించినచో వానికి గాలియాడక చచ్చును. మన యిల్లాండ్రు పెసలకు నూనె రాచుటలోని యంతరార్థ మిదియే. శత్రువు జాడ నెఱిఁగి ధాన్యమును గాపాడుకొందురుగాక!